పుష్పక్ రెక్క గుడ్డ మీద డోప్ తెల్లబడుతోంది, దయచేసి సలహా ఇవ్వండి

రేణిగుంట కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా పాత పుష్పక్ విమానం ఎడమ రెక్క గుడ్డ చివికిపోవడంతో, పాతది విప్పి కొత్త గుడ్డ వేసి, రిబ్బులకు (రెక్క లోపలి పక్కటెముకల్లాంటి చట్రాలకు) కుట్టి, గుడ్డను బిగించే పూత అయిన డోప్ పూయడం మొదలుపెట్టాము. మొదటి కోటు బాగానే ఆరింది. రెండో కోటు ఆరుతుండగానే పాలు ఒలికినట్టు తెల్లటి మరకలు లేచాయి. తుడిస్తే పోవడం లేదు, పైన మళ్లీ పూస్తే ఇంకా తెల్లబడుతోంది. ఏడు గంటలుగా దీనితోనే కుస్తీ పడుతున్నాను. డబ్బా మీద రాసినట్టే చేశాను. డోప్ పాడైపోయిందా?

పాత ఫిట్టర్:
పూసినప్పుడు గాలిలో తేమ ఎంత? ఏ గుడ్డ? నైట్రేట్ డోపా, బ్యూటిరేట్ డోపా? విమానం ఎగిరేదా, చూపడానికి పెట్టినదా? ఇవి చెప్పకుండా జవాబు చెప్పలేము.

చిత్తూరు పెయింట్ షాపు:
తమ్ముడూ, మరకల సంగతి తర్వాత చూద్దాం. అది నైట్రేట్ అయితే ముందు ప్రాణాలు జాగ్రత్త. పాతకాలపు సినిమా రీళ్లు భగ్గున అంటుకునేవంటే కారణం ఆ నైట్రోసెల్యులోజే. దాని ద్రావకాల ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి నేల మీదే పాకి, ఎక్కడో మూలనున్న స్విచ్చు దగ్గర నిప్పురవ్వను అందుకుంటుంది. నైలాన్ చొక్కా వేసుకుని పని చేయకండి. తుడిచిన గుడ్డపీలికలను షెడ్డులో కుప్ప వేయకండి. కార్లకు రంగు కొట్టే నా పనిలో చిన్న మంట ఒకటి చూశాను కాబట్టి, అడగకపోయినా చెబుతున్నాను.

తెలుగు మాస్టారు:
డోప్ అనే మాట వినగానే మత్తుమందు గుర్తుకు వస్తుంది. దీనిని తెలుగులో ‘బిగిపూత’ అంటే పని, పేరు రెండూ కలుస్తాయి కదా. కనీసం రంగు అనైనా అనవచ్చును.

పాత ఫిట్టర్:
రంగు అనకూడదు మాస్టారూ. రంగు అందానికి వేసేది. డోప్ నూలు పోగుల్లోకి ఇంకి, ఆరుతూ కుదించుకుపోయి, గుడ్డను డప్పు చర్మంలా బిగించేది. దాని పైన అల్యూమినియం పొడి కలిపిన కోట్లు వేస్తేనే ఎండలోని అతినీలలోహిత కిరణాలు గుడ్డను తినకుండా ఆగుతాయి. రంగు ఆ తర్వాతి మాట. మీ బిగిపూత బాగుంది గానీ, ఆ మాటతో దుకాణంలో అడిగితే డబ్బా దొరకదు.

రేణిగుంట కుర్రాడు:
క్షమించండి సార్, ఇవి ముఖ్యమని అనుకోలేదు. మాది కాలేజీ. విమానం విద్యార్థులకు చూపడానికే, ఎగరదు. పగలు తరగతులు ఉండటం వల్ల రాత్రిపూట రేకుల షెడ్డులో పూశాము. ఇక్కడ మూడు రోజులుగా ముసురు పట్టి కొండ కూడా కనిపించడం లేదు. ఫోనులో తేమ ఎనభై ఎనిమిది శాతం చూపిస్తోంది. డబ్బా మీద బ్యూటిరేట్ అని ఉంది. గుడ్డ నగరి మగ్గాల దగ్గర కొన్న తెల్ల నూలు గుడ్డ. నేత చాలా దగ్గరగా, గట్టిగా ఉంది.

పాత ఫిట్టర్:
డోప్‌లో తప్పు లేదు, పూసిన వేళలో ఉంది. డోప్‌లోని ద్రావకం ఆవిరవుతూ పొరలోని వేడిని లాగేసుకుంటుంది. అలా చల్లబడిన పొర మీద, ఐసు నీళ్ల గ్లాసు చుట్టూ చెమ్మ పట్టినట్టు, గాలిలోని తేమ నీరై చేరుతుంది. నీరు తగిలిన చోట సెల్యులోజ్ కరిగి ఉండలేక పాలలా విరిగి తెల్లబడుతుంది. దీనినే మేము బ్లషింగ్ అంటాము. ఆ పొర గుల్లగా ఉంటుంది, గుడ్డను సరిగా బిగించలేదు. అదే గాలిలో అదే డోప్ మళ్లీ పూస్తే మళ్లీ అదే జరుగుతుంది.

ఎండ కాసి, తేమ అరవై శాతం లోపుకు దిగిన రోజున, ఒక వంతు రిటార్డర్‌కు (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రావకానికి) రెండు వంతుల థిన్నర్ కలిపి, ముందుగా చేతిరుమాలంత చోట మాత్రమే పలుచగా తుంపర కొట్టండి. పొర మెత్తబడి, చిక్కుకున్న నీరు వెళ్లిపోయి, నెమ్మదిగా ఆరుతూ తేటపడాలి. బ్యూటిరేట్ మీద నైట్రేట్ మాత్రం పూయకండి, అది పట్టదు. నైట్రేట్ మీద బ్యూటిరేట్ అయితే వేయవచ్చు.

నాకు మరో అనుమానం ఉంది. మగ్గం గుడ్డకు నేతలో గంజి పడుతుంది. వేసే ముందు గోరువెచ్చని నీళ్లలో గంజి పోయేదాకా ఉతికారా? ఉతకకపోతే డోప్ పోగులను చుట్టుకోకుండా గంజి మీదే కూర్చుంటుంది. మిగిలిన ముక్క మీద టింక్చర్ అయోడిన్ చుక్క వేసి చూడండి, గంజి ఉంటే నల్లటి నీలానికి తిరుగుతుంది. ఎగిరే విమానమైతే ఈ గుడ్డ మాటే ఎత్తనిచ్చేవాణ్ణి కాదు. దానికి వాడే ‘గ్రేడ్-A’ రకం నూలు గుడ్డ కొత్తలో అంగుళం పట్టీకి ఎనభై పౌన్ల లాగుడు తట్టుకోవాలి.

ఫ్లయింగ్ క్లబ్ పెద్దాయన:
పుష్పక్ పేరు చూసి ఆగలేకపోయాను. 1958లో బెంగళూరు విమాన సంస్థ హెచ్‌ఏఎల్ మొదటిసారి ఎగరవేసిన ఈ విమానంలో, పక్కపక్కనే కూర్చుని, తొంభై హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజనుతో నేను నేర్చుకున్నాను. బాబూ, ఏలరాన్లకు (రెక్కల వెనుక అంచున కదిలే పలకలకు), రడ్డరుకు (తోక మీద కదిలే నిలువు పలకకు) మాత్రం లెక్కలేకుండా కోట్లు వేయకండి. కీలు వెనుక బరువు పెరిగితే గాలిలో అవి అదిరి విరిగే ప్రమాదం ఉంది. చూపడానికే అయినా పిల్లలు సరైన పని చూడాలి. పరుగు తీసేటప్పుడు ముక్కు ఎడమకు లాగేది, రడ్డరు పెడల్ మీద కుడి కాలు సిద్ధంగా ఉంచుకునేవాళ్లం. బరువు ముందు చక్రాల వెనుక ఉండే తోకచక్రపు విమానంలో ఒకసారి తిరగడం మొదలైతే అది ఇంకా పెరుగుతుంది.

పాత ఫిట్టర్:
అన్ని పాత ట్రైనర్ విమానాలూ ఎడమకే లాగవు. టైగర్ మాత్‌లోని జిప్సీ మేజర్ ఇంజను ప్రొపెల్లరును ఎదురు దిశలో తిప్పుతుంది కాబట్టి అది కుడికి లాగేది.

ఫ్లయింగ్ క్లబ్ పెద్దాయన:
నేను పుష్పక్ గురించే చెప్పాను సార్, టైగర్ మాత్ ఊసు ఎత్తలేదు.

తెలుగు మాస్టారు:
రడ్డరుకు చుక్కాని అనే చక్కటి మాట ఉంది.

రేణిగుంట కుర్రాడు:
గురువారం ఎండ వచ్చింది. పదకొండు గంటలకు తేమ యాభై ఎనిమిదికి దిగింది. రెక్క చివర జానెడు చోట మీరు చెప్పినట్టే కొట్టాను. పది నిమిషాలకు తెలుపు కరిగి కింద నేత గళ్లు కనిపించాయి. వేలితో కొడితే టంగుమని మోగింది. కానీ మిగిలిన ముక్క మీద అయోడిన్ చుక్క సిరాలా నల్లటి నీలానికి తిరిగింది. గుడ్డ ఉతకలేదు సార్. సాయంత్రం మళ్లీ మబ్బు పట్టింది, మిగతా రెక్క ఆపేశాను. అందరికీ ధన్యవాదాలు.

పాత ఫిట్టర్:
తేటపడిన చోట అంచును గోరుతో లేపి చూడండి. పొర ఒలిచినట్టు లేస్తోందా, పోగులతో కలిసి పట్టుకుని ఉందా?

చిత్తూరు పెయింట్ షాపు:
ఆ గుడ్డపీలికలు ఇంకా షెడ్డులోనే ఉన్నాయా తమ్ముడూ?