గాజు కప్ప నిద్రపోతే దాని రక్తం ఎక్కడికి పోతుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మెక్సికో నుంచి మధ్య అమెరికా మీదుగా దక్షిణ అమెరికా ఉత్తర భాగం వరకు, వాగుల వెంట ఉన్న తేమ అడవుల్లో నివసించే ఫ్లైష్‌మన్ గాజు కప్ప గురించి కొద్ది రోజులుగా చదువుతున్నాను. రెండు, మూడు సెంటీమీటర్ల పొడవుండే ఈ కప్పను గాజు పలక మీద ఉంచి కింది నుంచి తీసిన ఫొటోలు రెండు చూశాను. ఒకదానిలో ఎర్రటి రక్తనాళాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండవదానిలో ఎరుపు దాదాపుగా లేదు. చర్మం, కండరాలు పారదర్శకంగా ఉండవచ్చునని ఒప్పుకుంటాను, కానీ రక్తం రంగు ఎలా మాయమవుతుంది? అవి రెండు వేరు వేరు జాతులా?

మొదటి జవాబు

ఒకే జాతి అయి ఉండవచ్చు, ఒకే కప్ప కూడా అయి ఉండవచ్చు. మొదటి ఫొటో మెలకువగా ఉన్నప్పుడు, రెండవది నిద్రలో తీసి ఉంటారు. ఈ విషయాన్ని వివరించిన పరిశోధన 2022 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. పగటిపూట ఆకు కింద నిద్రపోయేటప్పుడు ఈ కప్ప తన రక్తప్రవాహంలోని ఎర్ర రక్తకణాల్లో దాదాపు 89 శాతాన్ని కాలేయంలోకి చేర్చుకుంటుంది. రక్తనాళాల్లో రంగులేని ద్రవమే ఎక్కువగా మిగులుతుంది కనుక శరీరం మెలకువలో కన్నా రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువ పారదర్శకంగా మారుతుంది. కాలేయం చుట్టూ కాంతిని తిప్పికొట్టే స్ఫటికాల పొర ఉంటుంది కాబట్టి లోపల పోగుపడిన ఎరుపు బయటికి కనబడదు. లేచి కదలడం మొదలుపెట్టగానే ఆ కణాలన్నీ తిరిగి నాళాల్లోకి వస్తాయి.

దీన్ని కనిపెట్టడం ఎంత కష్టమో కూడా చెప్పాలి. కప్పకు మత్తుమందు ఇస్తే రక్తం మళ్లీ ప్రవహించి పారదర్శకత తగ్గిపోతుంది. కోసి చూసే వీలు అసలే లేదు. అందువల్ల నిద్రపోతున్న కప్ప మీద లేజర్ కాంతిని ప్రసరింపజేసి, ఆ కాంతిని పీల్చుకున్న రక్తకణాలు వెలువరించే అతిధ్వని తరంగాలను బట్టి అవి ఎక్కడున్నాయో గుర్తించారు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది మరొకటి: అన్ని కణాలు ఒక్కచోట కిక్కిరిసి ఉన్నా రక్తం గడ్డకట్టదు. రక్తనాళాల వ్యాధులపై పనిచేసే వైద్య పరిశోధకులు ఈ చిన్న ప్రాణి వైపు చూడటానికి కారణం అదే.

రెండవ జవాబు

పై వివరణ సరైనదే. శరీర నిర్మాణం గురించి కొంత చేర్చుతాను. గాజు కప్ప అనే పేరు విని అది అన్ని వైపుల నుంచీ గాజులా ఉంటుందనుకోవడం పొరపాటు. పారదర్శకమైనది పొట్ట వైపు చర్మం; వీపు మాత్రం పసుపు చుక్కలున్న లేత ఆకుపచ్చ రంగులో ఉంటుంది. అంతేకాదు, వీపు చర్మం ఆకుల మాదిరిగానే పరారుణ కాంతిని ప్రతిఫలింపజేస్తుందని 1977లోనే గుర్తించారు. కాళ్లు శరీరం కన్నా ఎక్కువ పారదర్శకంగా ఉంటాయి. వాటిని దగ్గరికి ముడుచుకుని పడుకున్నప్పుడు కప్ప అంచు ఆకు రంగులోకి క్రమంగా కలిసిపోతుంది, అందువల్ల వేటాడే పక్షి కంటికి కప్ప ఆకారం తేలికగా పట్టుబడదు.

కొట్టుకునే గుండె స్పష్టంగా కనిపించే ఫొటోలు చాలావరకు దీని దగ్గరి బంధువులవి. ఈ జాతిలో గుండెను తరచుగా తెల్లని పొర కప్పి ఉంచుతుంది. ఈ కుటుంబంలోని అనేక జాతులకు ఎముకలు ఆకుపచ్చగా ఉంటాయి, దీనికి తెల్లగా ఉంటాయి. ఫొటోల కింద రాసిన పేర్లను నమ్మే ముందు ఈ రెండు గుర్తులూ చూడండి. కళ్లు పక్కలకు కాక ముందుకు తిరిగి ఉండటం కుటుంబం మొత్తానికీ ఉన్న లక్షణం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. నిద్రలో మాత్రమే ఇంత రక్షణ ఉంటే, రాత్రి మెలకువగా తిరిగే సమయంలో అది ప్రమాదంలో పడినట్లే కదా?

మూడవ జవాబు

రాత్రి దానికి చీకటి తోడు ఉంటుంది, పైగా కదిలి తప్పించుకోగలదు. పగలు కదలకుండా పడుకున్నప్పుడే దాగి ఉండటం అత్యవసరం. అయితే మగ కప్ప రాత్రులు నిజంగా తీరిక లేనివి. వాగు మీదికి వంగిన ఆకు అడుగున కూర్చుని, సన్నని ఈలలాంటి కూతతో ఆడ కప్పను పిలుస్తుంది. ఆడ కప్ప ఆ ఆకు అడుగునే గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, తరువాత వాటి బాధ్యత తండ్రిదే. అది గుడ్ల మీద కూర్చుని, తన శరీరంలోని నీటితో వాటిని తడిపి, ఎండిపోకుండా కాపాడుతుంది.

ఈ సంరక్షణ ఎంత ముఖ్యమో 2014లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది: తండ్రి గుడ్లను వదిలి వెళ్లినప్పుడు పిండాలు గడువుకు ముందే గుడ్డు చీల్చుకుని బయటపడతాయి. తండ్రి తడుపుతూ ఉంటే అవి ఇంకొన్ని రోజులు లోపలే పెరిగి, మరింత బలంగా బయటికి వస్తాయి. ఎప్పుడు వచ్చినా తోకకప్పలు నేరుగా కింది వాగులో పడి, అడుగున కుళ్లిన ఆకుల మధ్య, బురదలో దూరి బతుకుతాయి. ఆ దశలో వాటి చర్మంలో రంగు చాలా తక్కువ కనుక లోపలి రక్తం వల్ల శరీరం ఎర్రగా కనిపిస్తుంది. బురదలో దాగి ఉన్నంత కాలం ఆ ఎరుపు వల్ల వాటికి పెద్దగా ముప్పు లేదు.