సమోయెడ్ కుక్క హన్మకొండ ఎండలకు తట్టుకుంటుందా?

ప్రశ్న: నయీంనగర్_మామ

అందరికీ నమస్తే. మా అక్క కొడుకు బెంగళూరులో ఉంటాడు, ఉద్యోగం మీద జర్మనీ వెళ్తున్నాడు. వాడి దగ్గర రెండేళ్ల మగ సమోయెడ్ (చలి ప్రాంతాల బొచ్చు కుక్క) ఉంది. అక్కడ వాడికి దొరికిన ఇంట్లో కుక్కను ఒప్పుకోరట. "మామా, బయటివాళ్లకు ఇయ్యబుద్ధి అయితలేదు, నువ్వే చూసుకో" అంటున్నాడు. ఫిబ్రవరిలో మా ఇంటికి వస్తుంది. ఇంట్లో అమ్మ, నేను, నా భార్య, ఆరో తరగతి చదివే పాప. కింది పోర్షన్ మాది. ఏసీ ఒక్క బెడ్‌రూంలోనే ఉంది, హాల్లో కూలర్. మే నెల తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఎండాకాలం రాగానే గుండు కొట్టించమని ఒకరు, రోజూ ఐసు నీళ్లు పోయమని ఇంకొకరు చెప్పారు. పైగా పక్కింటివాళ్లకు మేకలున్నాయి. ఈ జాతిని పెంచినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

జవాబు: సుబేదారి_అక్క

తమ్ముడూ, మా ఇంట్లో ఆడ సమోయెడ్ ఉంది, ఇక్కడి ఎండలు చాలానే చూసింది. అన్నిటికన్నా ముందు చెప్పేది, గుండు మాత్రం కొట్టించొద్దు. దీని బొచ్చు రెండు పొరలు. లోపల దూదిలాంటి పొట్టి నూగు, పైన నిటారుగా నిలిచే పొడుగు వెంట్రుకలు. ఎండ చర్మానికి తగలకుండా ఆపేవి ఆ పై వెంట్రుకలే. తీసేస్తే చర్మం కాలుతుంది, మళ్లీ మొలిచేటప్పుడు కూడా అతుకులు అతుకులుగా రావచ్చు. గాలి ఆడకుండా చేసేది లోపల చిక్కుకున్న ఊడిన నూగు. దాన్ని తీస్తే చాలు.

మా దానికి శివరాత్రి దాటగానే నూగు రాలడం మొదలవుతుంది. చెవుల వెనక, తొడల వెనక, తోక కింద వేళ్లు పెట్టి చూడండి, ఉండలు కట్టి చేతికి తగులుతుంది. తొడ కింది నుంచి మొదలుపెట్టి, ఒక చేత్తో బొచ్చును పైకి ఎత్తిపట్టి, రెండో చేత్తో పాయపాయగా కిందికి దువ్వాలి. ప్రతి పాయ దగ్గరా చర్మం కనిపించాలి. పైపైన దువ్వితే చూడటానికి మెరుస్తుంది కానీ లోపల అట్టకట్టి అలాగే ఉంటుంది. స్లికర్ బ్రష్ (సన్నటి తీగల పళ్లున్న బ్రష్) ఒకటి, అండర్‌కోట్ రేక్ (లోపలి నూగు తీసే పొడుగు పళ్ల దువ్వెన) ఒకటి కొనుక్కోండి. రాలే రోజుల్లో ఇల్లంతా బొచ్చే. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, వంటింట్లోకి రాకుండా ఒక చిన్న గేటు పెట్టించండి.

ఇక ఎండ. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ముఖ్యంగా ఒగర్చుకునే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. నాలుక మీది తడి ఆరితేనే దానికి ఉపశమనం. రోహిణి కార్తెలో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగానే సాయం చేస్తుంది, కానీ 44 డిగ్రీలప్పుడు మధ్యాహ్నం ఏసీ గదే దిక్కు. చాలామంది పట్టించుకోనిది వానకాలం. జులై, ఆగస్టుల్లో వాన వెలిశాక ఉక్కపోస్తుంది చూడండి, అప్పుడు కూలర్ గదిలో ఇంకా తేమ నింపుతుంది. జూన్ దాటింది కదా అని ఏసీ ఆపేయకండి. కరెంటు పోతే నడిచేలా ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాన్ ఉండాలి.

వాకింగ్ పొద్దున ఐదింటికి, రాత్రి తొమ్మిది దాటాక. సాయంత్రం ఆరింటికి కూడా సీసీ రోడ్డు సెగలు కక్కుతుంది. అరచేతి వెనక భాగం నేల మీద పెట్టి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

స్వభావం గురించి. సైబీరియాలో నేనెట్స్ అనే జనం రెయిన్‌డీర్ (మంచు ప్రాంతపు జింకల) మందలు కాస్తారు. మందను మలపడం, బండి లాగడం, వేట, అన్నిటికీ ఈ కుక్కలే. రాత్రి గుడారంలో మనుషుల పక్కనే పడుకునేవి. 1889లో ఎర్నెస్ట్ కిల్‌బర్న్ స్కాట్ అనే ఆయన ఒక గోధుమరంగు పిల్లను రష్యా ఉత్తర ప్రాంతం నుంచి ఇంగ్లండుకు తీసుకుపోయాడు, పెంపుడు జాతిగా దీని ప్రయాణం అక్కడ మొదలైంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, దీన్ని వాకిట్లో కట్టేసి పెంచలేం. ఒంటరిగా వదిలితే మొరుగుతుంది, ఊళ పెడుతుంది, చెప్పులు, సోఫా కొరుకుతుంది. కొత్తవాళ్లను చూసినా తోకాడిస్తుంది, కాబట్టి కావలికి పనికిరాదు. మీ ఇంట్లో పగలు అమ్మగారు ఉంటారు, దానికి అంతకన్నా ఏం కావాలి!

తిండి విషయంలో అమ్మగారికి ఒక్కటి గట్టిగా చెప్పండి. మనం తినే కూర, పప్పు పెట్టొద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. సేమియాలో వేసే కిస్‌మిస్ కిడ్నీలకు విషం. ఉడికిన చికెన్ బొక్కలు పగిలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

జవాబు: పశువుల_డాక్టర్_హుజూరాబాద్

అక్క చెప్పినవన్నీ సరైనవే. వడదెబ్బ గురించి రెండు మాటలు. కుక్క మామూలు టెంపరేచర్ 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. ఒగర్పు ఆగకుండా శబ్దంతో వస్తున్నా, చొంగ చిక్కగా కారుతున్నా, చిగుళ్లు ఎర్రబడినా, నడక తూలినా ఆలస్యం చేయొద్దు. వెంటనే నీడకు తెచ్చి ఒళ్లంతా మామూలు చల్లటి నీళ్లు పోయండి, బొచ్చు విడదీసి చర్మం తడపండి, ఫ్యాన్ కింద పెట్టండి. తడి టవల్ కప్పి ఉంచొద్దు, వేడి లోపలే ఆగిపోతుంది. చల్లబరచడం మొదలుపెట్టాకే బండి ఎక్కించండి.

రెండోది గోమార్లు. ఇంత బొచ్చులో అవి కనబడవు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ కింద రోజూ తడిమి చూడాలి. వాటితో వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర బాగా ఎక్కువ. జ్వరం, తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూపించుకోండి. మీకు దగ్గర్లో మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. తుంటి కీళ్ల సమస్య కూడా ఈ జాతిలో ఉంది, కాబట్టి నున్నటి టైల్స్ మీద మ్యాట్లు పరచండి, బరువు పెరగనివ్వకండి.

జవాబు: జనగామ_గొర్లమంద

అన్నా, మాది గొర్ల మంద. మా దేశవాళీ కుక్కలు మందను మలపవు, రాత్రి దొడ్డి చుట్టూ కావలి ఉంటాయి. మలిపే జాతి కుక్క వేరు, పరిగెత్తేదాన్ని చూస్తే వెంటపడుతుంది. కరవాలని కాదు, కానీ సూడి మేక బెదిరి పరిగెత్తితే కడుపు పోతుంది. మొదట్లో గొలుసు వదలకు. మేకలు కట్టేసి ఉన్నప్పుడు దూరం నుంచి చూపించు, ఊరికే కూర్చుంటే ఏదన్నా తినిపించు. పక్కింటివాళ్లతో కూడా ముందే మాట్లాడు.

నయీంనగర్_మామ

అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మకు చదివి వినిపించాను, సేమియా సంగతి విని భయపడింది. బెంగళూరు నుంచి ఎట్లా తేవాలి, రైలా, కారా?

సుబేదారి_అక్క

రైల్లో వెంట ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీ పేరు మీద దొరకాలి, లేకుంటే గార్డు డబ్బాలో పెడతారు. దీనికైతే అది వద్దు. కారులో రాత్రి బయలుదేరండి. ఎక్కే ముందు కడుపునిండా పెట్టొద్దు, దారిలో ఆపి నీళ్లు తాగించండి, ఆపినప్పుడు గొలుసు వేశాకే డోర్ తీయండి. టీకాల పుస్తకం, అది పడుకునే దుప్పటి ఉతకకుండా, ఇప్పుడు తినే ఫుడ్ రెండు మూడు వారాలకు సరిపడా తెమ్మని మేనల్లుడికి చెప్పండి. కుదిరితే వాడిని వచ్చి మీ ఇంట్లో రెండు రోజులు ఉండి వెళ్లమనండి.