“శుద్ధం” అన్న మాటను పరీక్షించేదెలా?

తాటాకు:
రాజకీయం, కళ, చదువు. మూడింట్లోనూ “మొదట స్వచ్ఛంగా ఉండేది, తర్వాత కల్తీ అయింది” అన్న పాటే వినిపిస్తుంది. దీని మీద వ్యాసం రాస్తున్నాను. ఆ మాట నిలుస్తుందో లేదో తేల్చాలంటే దేన్ని పట్టుకోవాలి? సిద్ధాంతాలు వద్దండీ, వేలుపెట్టి చూపించగల ఉదాహరణలు చెప్పండి.

కొలబద్ద:
దేన్ని కొలిచారో చూడండి. శుద్ధతను కొలిచే సాధనం లేదు కాబట్టి చేతికందే ఇంకేదో కొలుస్తారు. గుట్టు బయటపడేది అక్కడే.

నాజీ జర్మనీ 1935 నూరెంబర్గ్ చట్టాల్లో మాట్లాడింది రక్తం గురించి. అమలు నియమాల్లో లెక్కపెట్టింది మాత్రం తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, ఈ నలుగురిని. ముగ్గురు యూదులైతే మనిషి యూదుడు. ఇద్దరైతే ఇంకొన్ని షరతులు. మరి ఆ తాత యూదుడని తేల్చేదెలా? యూదు మత సమాజంలో సభ్యుడైతే చాలు. రక్తం పేరు చెప్పి మత రిజిస్టర్లు తిరగేశారన్నమాట.

స్పెయిన్‌లో ఇది ఇంకా పాతది. 1449లో టొలేడోలో, మతం మారిన యూదుల సంతతికి నగర పదవులు లేవన్నారు. తర్వాత ఆ నియమం కాలేజీలకూ, మఠాలకూ పాకింది. అభ్యర్థి వంశవృక్షం ఇవ్వాలి, అధికారి పూర్వీకుల ఊరెళ్లి సాక్షులను విచారించాలి, ఖర్చు అభ్యర్థిదే. సాక్షికి పగ ఉంటే పని అయిపోయినట్టే. డబ్బున్నవాడికి దొంగ వంశవృక్షం దొరికేది.

రంగుపొడి:
కళకైతే గ్రీకు పాలరాతి విగ్రహాలను తీసుకోండి. ఆ “నిర్మలమైన తెలుపు” వాళ్లది కాదు. వాళ్లు రంగులు వేశారు. కొంత కాలానికి రాలిపోయింది, కొంత మనుషులే గీకేశారు. బ్రిటిష్ మ్యూజియంలో 1937-38లో పార్థినాన్ (ఏథెన్స్ గుడి) శిల్పాలను తెల్లబరచడానికి రాగి పనిముట్లు, కార్బోరండం అనే గరుకు రాపిడి పొడి వాడారు. రాతి పైపొరతో పాటు ఆధారమూ పోయింది.

మిగిలిన రంగును పట్టే పద్ధతి ఒకటుంది. ఈజిప్షియన్ నీలం అనే పాతకాలపు రంగు మీద ఎర్ర కాంతి వేస్తే అది సుమారు 910 నానోమీటర్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లుతుంది. మామూలు డిజిటల్ కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ తీసేసి, లెన్స్ ముందు కంటికి కనబడే వెలుతురును ఆపే ఫిల్టర్ పెట్టాలి. అప్పుడు నల్లటి ఫొటోలో నీలపు రేణువులు తెల్లగా మెరుస్తాయి. పార్థినాన్‌లోని ఐరిస్ దేవత విగ్రహం నడికట్టు మీద అలాగే దొరికింది. గదిలోకి ఎండ పొడ పడిందా, ఫొటో అంతా మెరిసి ఎందుకూ కొరగాదు. ఇంకోటి: ఇది ఆ నీలాన్నే చూపిస్తుంది. ఏమీ మెరవలేదని “రంగే లేదు” అని రాసేయకండి.

తాటాకు:
చాలా థాంక్స్ అండీ. మరి అచ్చతెలుగు సంగతి? చదువు గురించి కూడా ఎవరైనా చెబితే బాగుండు.

అరసున్న:
అచ్చతెలుగంటే సంస్కృతం సోకనిది అనుకుంటారు. వ్యాకరణం ప్రకారం వద్దన్నది తత్సమాలనే (సంస్కృత రూపం మారనివి), తద్భవాలకు (రూపం మారినవాటికి) అడ్డులేదు. “ఆకాశం” కుదరదు, “ఆకసం” కుదురుతుంది. “రాత్రి” కాదు, “రాతిరి” సరే. అరిగిన నాణెం చెల్లుతుంది, కొత్తది చెల్లదు! పైగా తొలి అచ్చతెలుగు కావ్యమని పేరున్న తెలగన యయాతి చరిత్రము 16వ శతాబ్దిలో అంకితమైంది గోల్కొండ సర్కారు ఉద్యోగి అమీన్ ఖానుకు.

మనవాళ్లది పద్య విద్య, ఎవరికీ నష్టం లేదు. టర్కీలో అలా కాదు. ఆ దేశ తొలి అధ్యక్షుడు అతాతుర్క్ 1927లో ఆరు రోజుల పాటు 36 గంటలు చదివిన ప్రసంగం ఉంది. 1932లో పెట్టిన భాషా సంఘం అరబ్బీ, పారశీక మాటలను ఏరేస్తూ పోయింది. తర్వాతి తరాల కోసం ఆ ప్రసంగాన్ని టర్కిష్‌లోంచి టర్కిష్‌లోకే మార్చి అచ్చువేయాల్సి వచ్చింది.

కొలబద్ద:
చదువుకు జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయం చూడండి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం యూదుల సరుకని తోసిపుచ్చి “జర్మన్ ఫిజిక్స్” అంటూ బయల్దేరిన లెనార్డ్, స్టార్క్ ఇద్దరూ నోబెల్ గ్రహీతలే (1905, 1919), చదువురానివాళ్లు కాదు. యూదులను ప్రభుత్వ కొలువుల నుంచి తీసేసే 1933 ఏప్రిల్ 7 చట్టం వచ్చాక గొట్టింగెన్‌లో మాక్స్ బోర్న్, ఎమ్మీ నోతర్, కూరాంట్ కొలువులు పోయాయి. ఆ చట్టం కింద “ఆర్యేతరుడు” కావడానికి తాతల తరంలో ఒక్కరు యూదులైతే చాలు. పైన రాసిన 1935 లెక్కలో ముగ్గురు కావాలి. రెండేళ్ల తేడా. రెండు తేదీలనూ వ్యాసంలో పక్కపక్కనే పెట్టండి.