1990 మాజ్దా మియాటా, 21 వేల మైళ్లే తిరిగింది, 16,500 డాలర్లు అంటున్నాడు: తీసుకోవచ్చా?

ఫ్రిస్కో_శ్రీను

డాలస్ చుట్టుపక్కల పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కాస్త సలహా చెప్పండి. డెంటన్‌లో ఒక పెద్దాయన తన రెండు సీట్ల మియాటా అమ్ముతున్నాడు. ఎర్ర రంగు, నల్ల సాఫ్ట్ టాప్ (మడిచే గుడ్డ పైకప్పు), ఐదు గేర్ల మాన్యువల్. కొన్నప్పటి నుంచీ ఆయన చేతిలోనే ఉంది. అప్పటి షోరూమ్ స్టిక్కర్ కూడా దాచాడు: బేస్ ధర 13,800, ఏసీ, పవర్ స్టీరింగ్ విడిగా. ఇప్పుడు 16,500 అడుగుతున్నాడు, బేరం అంటే మొహం అదోలా పెట్టాడు.

నిన్న వెళ్లి చూశాను. స్విచ్ నొక్కగానే రెండు హెడ్‌లైట్లూ కప్పకళ్లలా పైకి లేచాయి. నేను అక్కడే ఫ్లాట్. డోర్ సందుల్లో కూడా మురికి లేదు. టైర్ల మీద గాట్లు కొత్తవాటిలా ఉన్నాయి. రెండే విషయాలు కంటికి ఆనాయి: వెనక ప్లాస్టిక్ కిటికీ కొంచెం పసుపు తిరిగింది, స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగం నుంచి టకటకమని చప్పుడు వచ్చి కాసేపటికి తగ్గింది.

మా ఆవిడ ప్రశ్న ఒక్కటే, "రెండు సీట్లలో పాప ఎక్కడ కూర్చుంటుంది?" తెనాలి నుంచి నాన్న ఫోన్‌లో, "ముప్పై ఐదేళ్ల కారుకి పద్నాలుగు లక్షలా? ఆ డబ్బుకి ఇక్కడ కొత్త బ్రెజా వస్తుంది కదరా" అంటున్నారు. ఇద్దరికీ నా దగ్గర సమాధానం లేదు. కారు మాత్రం కావాలి. ఏం చూడాలి, ఎంత ఇవ్వొచ్చు, రిజిస్ట్రేషన్ సంగతేంటి?

కాకినాడ_రెంచి

శ్రీను గారూ, నేను ఆస్టిన్‌లో ఇదే 1.6 ఇంజిన్ కారును చాలా ఏళ్లుగా నడుపుతున్నాను, నా రిపేర్లు నేనే చేసుకుంటాను. ముందుగా ఒక మాట. మైళ్లు తక్కువ అనగానే కళ్లు మూసుకుని డబ్బు పెట్టకండి. రోజూ తిరిగిన కారుకి అరుగుడు జబ్బు, గ్యారేజీలో కూర్చున్న కారుకి ఎండుడు జబ్బు. సీళ్లు, హోసులు, బెల్టు, టైర్లు అన్నీ రబ్బరే. టైర్ల గాట్లు కొత్తవాటిలా ఉన్నాయన్నారు చూడండి, నాకు భయం వేసింది అక్కడే. టైరు పక్కన డాట్ (DOT) అని ఉన్న వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పదేళ్లు దాటితే గాట్లు ఎంత లోతున్నా పారేయాల్సిందే.

ఈసారి వెళ్లేటప్పుడు ఒక టార్చి, ఒక నీళ్ల సీసా పట్టుకెళ్లండి.

టార్చి దేనికంటే, బానెట్ ఎత్తి ఇంజిన్ ముందు కింద ఉండే క్రాంక్ పుల్లీ, అంటే ఇంజిన్ ఇరుసు (క్రాంక్) చివర తిరిగే చక్రం, చూడాలి. మధ్యలో నాలుగు గాడులుంటే పొట్టి ముక్కు క్రాంక్, ఎనిమిది ఉంటే 1991లో మార్చిన పొడుగు ముక్కుది. మీది 1990 కాబట్టి నాలుగే ఉంటాయి, కంగారు పడకండి. టైమింగ్ బెల్ట్ (వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చేసే రబ్బరు పట్టీ) మార్చినవాడు ఆ పెద్ద బోల్టును సరిగా బిగించకపోతే బెల్టు తిప్పే చక్రాన్ని క్రాంక్‌కి పట్టి ఉంచే కీ అనే చిన్న ఇనుప ముక్క కదిలి, గాడి అరిగి, టైమింగ్ తప్పుతుంది. గొడవ అదీ. ఇంజిన్ నడుస్తుండగా పుల్లీ ఊగుతోందా చూడండి. ఆ బోల్టు జోలికి ఎవరూ వెళ్లకపోతే నిశ్చింత. కానీ అలాగైతే బెల్టు కూడా ఫ్యాక్టరీదే అన్నమాట. కంపెనీ 60 వేల మైళ్లకు మార్చమంది నిజమే, రబ్బరుకి ఏళ్లు కూడా లెక్కే. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. నయం ఏమిటంటే ఈ ఇంజిన్‌లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, దారిలో ఆగిపోతారు, అంతే.

ఇక నీళ్ల సీసా. టాప్ మీద పడిన వాన నీరు సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న గొట్టాల్లోంచి దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు కారు కింద నుంచి కారాలి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతే నీళ్లు కార్పెట్‌లోకో, డోర్ కింద ఉండే రేకులోకో పోతాయి. మియాటాని తినేసేది ఆ తుప్పే, బయటికి కనిపించేసరికి లోపల ఖాళీ. టాప్ సగం మడిచి రెండు వైపులా కొద్దికొద్దిగా నీళ్లు పోసి కిందికి వంగి చూడండి. డోర్ కింద రేకును వేలి కణుపుతో తట్టండి, వెనక చక్రం దగ్గరికి వెళ్లేసరికి చప్పుడు మారకూడదు.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. ఎవరైనా మామూలు యాసిడ్ బ్యాటరీ పెట్టి ఉంటే యాసిడ్ కారి దాని కింద రేకు తుప్పు పట్టిందేమో చూడండి. బానెట్, డోర్లు, ఫెండర్ల లోపల విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) స్టిక్కర్లు ఉంటాయి, ఏ ఒక్కటి లేకపోయినా ఎందుకో అడగండి. టకటక అంటారా, అది హైడ్రాలిక్ లిఫ్టర్లది, అంటే నూనె ఒత్తిడితో వాల్వుల సందు సరిచేసే భాగాలది. ఎక్కువ రోజులు ఆగిన కారులో మామూలే. నూనె మార్చి నాలుగు రోజులు నడిపితే చాలావరకు సర్దుకుంటుంది.

వరంగల్_రవి

అన్నా, ఇంత తక్కువ తిరిగిన కారు దొరకడమే కష్టం. కొని కవర్ కప్పి పెట్టు. నడిపిన ప్రతి మైలుకీ విలువ పడిపోతుంది. ఐదేళ్లాగి అమ్మితే డబ్బే డబ్బు.

కాకినాడ_రెంచి

రవీ, 1989లో చికాగో ఆటో షోలో బయటపెట్టినప్పటి నుంచి 1997 దాకా ఈ మొదటి తరం కార్లు నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. ఇదేమీ మ్యూజియం సరుకు కాదు. వెయ్యి కిలోల లోపు బరువు, 116 హార్స్‌పవర్, వెనక చక్రాలు తోసే బండి. దాని సుఖమంతా మలుపుల్లో ఉంది. కవర్ కింద పెడితే పెద్దాయన గ్యారేజీలో పట్టిన జబ్బే శ్రీను గారి గ్యారేజీలో ముదురుతుంది. డబ్బు పెంచుకోవాలంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దానికి టైమింగ్ బెల్ట్ అక్కర్లేదు.

హ్యూస్టన్_సుజాత

నా దగ్గర 1995ది ఉంది కాబట్టి నాలుగు మాటలు. టాప్ మడిచే ముందు వెనక కిటికీ జిప్ తీసి, ప్లాస్టిక్‌ను వెనక్కి పరుపులా పడుకోబెట్టాలి. జిప్ తీయకుండా మడిస్తే మడత పడ్డచోటే పగులుతుంది. చలిలో అసలు ముట్టుకోవద్దు. పసుపు తిరిగిందంటే వయసు, టాప్ మార్చేటప్పుడు చూసుకోవచ్చు.

ఏసీ చల్లగా వస్తోందా? 1990 కార్లు ఆర్-12 గ్యాస్‌వి. ఇప్పుడు ఆ గ్యాస్ దొరకడం కష్టం, దొరికినా రేటు మండిపోతుంది. తర్వాత వచ్చిన ఆర్-134ఏ గ్యాస్‌కి మార్పించారేమో కాగితాల్లో చూడండి. టెక్సస్‌లో జూలై మధ్యాహ్నం టాప్ తీసుకుని తిరగడం ఫొటోల్లోనే బాగుంటుంది. మేం సాయంత్రం ఏడు దాటాకే తీస్తాం.

పాప విషయంలో మీ ఆవిడ మాటే రైటు. ఇది పిల్లల బండి కాదు. ఆ ఏడాది ఎయిర్‌బ్యాగ్ డ్రైవర్‌కి మాత్రమే ఇచ్చారు. ఇంట్లో ఇంకో కారు ఉంటేనే ఆలోచించండి. ఇంకోటి, డబ్బు మాట్లాడకముందే ఆవిడని పక్క సీట్లో కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పండి. కొన్నాక చూపించడం వేరు.

ప్లానో_ప్రసాద్

రిజిస్ట్రేషన్ తేలిక. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) పెద్దాయన పేరు మీదే ఉందా, లోన్ ఏమైనా మిగిలిందా చూసుకుని 130-యూ ఫారం (టైటిల్, రిజిస్ట్రేషన్ మార్పు దరఖాస్తు) మీద ఇద్దరూ సంతకాలు చేయండి. కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో 6.25 శాతం సేల్స్ ట్యాక్స్ కట్టాలి. సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి నుంచి ఎత్తేశారు. పొగ పరీక్ష 24 ఏళ్లు దాటిన కార్లకు ఎలాగూ లేదు. ఇన్సూరెన్స్ మాత్రం మామూలుది వద్దు, క్లాసిక్ కార్ల పాలసీ తీసుకోండి. విలువ ముందే ఒప్పుకుని రాస్తారు, ప్రమాదం జరిగితే పాత కారు అని తరుగు కోయరు. గ్యారేజీ ఉండాలి, రోజూ ఆఫీసుకి వేరే కారు ఉండాలి అని అడుగుతారు.

ఇండియాకి పట్టుకెళ్దామని మాత్రం ఆలోచించకండి. మూడేళ్లు దాటిన వాడిన కారుని రానివ్వరు, పైగా స్టీరింగ్ ఎడమవైపు.

ఫ్రిస్కో_శ్రీను

అందరికీ థాంక్స్. ఇవాళ సీసా, టార్చి, మా ఆవిడ ముగ్గురినీ వెంటబెట్టుకుని వెళ్లాను.

డ్రైవర్ వైపు నీళ్లు చక్కగా కారాయి. పక్క సీటు వైపు చుక్క రాలేదు. పెద్దాయన ఇనుప తీగ తీయబోతే గొట్టం చిరుగుతుందేమోనని నేనే ఆపాను. గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వేసే నైలాన్ దారం తెచ్చాడు. మెల్లగా తిప్పుతూ దింపితే నల్లటి బురద, ఓక్ ఆకుల పొడి, వాటి వెనకే నీళ్లు వచ్చాయి. కార్పెట్ ఎత్తి చూశాను, పొడిగానే ఉంది. రేకు తట్టిన చోటల్లా గట్టి చప్పుడే. పుల్లీకి గాడులు నాలుగు, ఊగడం లేదు. స్టిక్కర్లన్నీ ఉన్నాయి. ఆర్-134ఏకి మార్పించిన రసీదు దొరికింది. బెల్టు ఫ్యాక్టరీదే. టైర్లు 2006వి!

ఆ రెండూ చూపించి బెల్టు, టైర్ల ఖర్చు చెబితే ఆయన కాసేపు గొణిగి 15,000కి దిగాడు. మా ఆవిడ సీటు బాగానే ఉందంది, హ్యాండ్‌బ్యాగ్ ఎక్కడ పెట్టాలని మాత్రం అడిగింది. మారుతి 800లో గేరు ఎడమ చేతికి అలవాటు, ఇక్కడ కుడి చేతికి వచ్చేసరికి రెండుసార్లు డోర్ హ్యాండిల్ పట్టుకుని లాగాను.

శనివారం డబ్బిచ్చి తెచ్చుకోవాలి. 380 హైవే మీద నేనే నడుపుకుంటూ రావచ్చా?

కాకినాడ_రెంచి

మంచి బేరం, తీసేసుకోండి. కానీ 2006 టైర్లతో 380 మీదికి ఎక్కొద్దు. ఫ్లాట్‌బెడ్ (కారును మీద ఎక్కించుకుని పోయే ట్రక్కు) మాట్లాడి నేరుగా టైర్ల షాపుకే దింపించండి. సైజు 185/60ఆర్14. ఇప్పుడు ఈ సైజు అన్ని చోట్లా స్టాకు ఉండదు, శుక్రవారంలోపే ఆర్డర్ పెట్టి తెప్పించుకోండి.