ఫ్రిస్కోలో నల్లమట్టి పెరడు: కృత్రిమ గడ్డి పరిస్తే నీరు నిలవడం ఆగుతుందా?

ప్రశ్న (ఫ్రిస్కో నివాసి):

అందరికీ నమస్కారం. మేము డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో నాలుగేళ్లుగా ఉంటున్నాము. మా పెరడు ఇంటి గోడ నుంచి వెనుక కంచె వరకు 30 అడుగులు, అడ్డంగా 40 అడుగులు ఉంటుంది. ఇక్కడి మట్టి అచ్చంగా మన నల్లరేగడి లాగే వానకు చెప్పులకు ముద్దలుగా అంటుకుంటుంది, ఆగస్టు వచ్చేసరికి వేళ్లు దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద వాన పడితే కంచె దగ్గర మూడు నాలుగు రోజుల పాటు నీరు నిలుస్తోంది. అక్కడ వేసిన బెర్ముడా గడ్డి రెండుసార్లు కుళ్లిపోయింది. మట్టి గుల్లబారుతుందన్న ఆశతో నిరుడు ఒక ట్రక్కు ఇసుక కలిపించాను కాని, ఆ చోటు మునుపటి కంటే గట్టిపడింది.

ఇటీవల ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, తాము వేసే కృత్రిమ గడ్డి గంటకు 30 అంగుళాల వాననైనా కిందికి వదిలేస్తుందనీ, కనుక అది పరిస్తే సమస్య తీరిపోతుందనీ చెప్పాడు. పాత గడ్డిని గీకేసి, నాలుగు అంగుళాల మందాన గ్రానైట్ పొడి పోసి, దిమ్మిస కొట్టి, దానిపైన గడ్డి పరుస్తారట. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, ఒక కుక్క ఉన్నారు. సంతకం పెట్టే ముందు అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

జవాబు 1 (సివిల్ ఇంజనీరు, ప్లేనో):

దయచేసి ఇప్పుడే సంతకం పెట్టకండి. ఆ 30 అంగుళాల లెక్క గడ్డి అడుగున ఉండే రంధ్రాల పట్టీకి మాత్రమే వర్తిస్తుంది. దాని కింద ఉన్న మట్టికి ఆ లెక్కతో సంబంధం లేదు. మీ ప్రాంతంలో విస్తారంగా కనిపించే మట్టికి హ్యూస్టన్ బ్లాక్ అని పేరు. దక్కను నల్లరేగడి, ఇదీ ఒకే జాతివి. రెండింటినీ శాస్త్రజ్ఞులు వెర్టిసాల్స్ అంటారు. నీరు ఇంకే వేగాన్ని బట్టి అమెరికా వ్యవసాయ శాఖ నేలలను ఏ నుంచి డి వరకు వర్గీకరించగా, ఈ మట్టి చివరిదైన డి వర్గంలోకి వస్తుంది. ఎండిన నెర్రెల్లోకి మొదటి వాన నీరు గబగబా దిగిపోతుంది కాని, మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్న తరువాత గంటకు 0.06 అంగుళం కూడా ఇంకదు. అంటే ఒక అంగుళం వాన ఇంకడానికి కనీసం 17 గంటలు కావాలి.

మీ పెరడు 1,200 చదరపు అడుగులు కనుక ఒక అంగుళం వానకే దాదాపు 750 గ్యాలన్ల నీరు పడుతుంది. పైకప్పు నీరు కూడా పెరట్లోకే దిగుతూ ఉంటే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. గడ్డిని దాటిన ఈ నీరంతా కింది బంకమట్టి మీద ఆగిపోతుంది. మట్టిని చదునుగా తవ్వి కంకర నింపితే మీరు ఒక తొట్టిని కట్టించుకున్నట్లే అవుతుంది. నీరు కంటికి కనిపించకపోవచ్చు కాని, కుక్క మూత్రంతో కలిసి అక్కడే మురిగి వాసన వేస్తుంది.

అందువల్ల వాలు ఉండవలసింది కంకర పైభాగంలో కాదు, అడుగున ఉన్న మట్టిలోనే. ఇంటి గోడ నుంచి మొదటి 10 అడుగులలో 6 అంగుళాల పల్లం ఉండాలని గృహనిర్మాణ నియమావళి చెబుతుంది. మిగిలిన 20 అడుగులకు నూటికి రెండు చొప్పున వాలు ఇస్తే మరో 5 అంగుళాలు దిగుతుంది. అలా చెక్కిన మట్టి మీద నేయని రకం జియోటెక్స్‌టైల్ బట్ట పరిస్తే బురద పైకి ఎక్కి కంకరను పూడ్చదు. దానిపైన గ్రానైట్ పొడికి బదులు, కడిగిన ముప్పావు అంగుళం కోణాల రాయి పోయించి, చదును కోసం పలుచగా సన్న చిప్స్ వేయించండి. పొడి ఉన్న కంకరను దిమ్మిస కొడితే సందులు మూసుకుపోతాయి. కడిగిన రాయిలో మాత్రం నూటికి 40 వంతుల దాకా ఖాళీ మిగులుతుంది.

పల్లపు అంచున ఈ రాతి పొరలోనే నాలుగు అంగుళాల రంధ్రాల పైపు, రంధ్రాలు కిందికి ఉండేలా, నూటికి ఒకటి వాలుతో వేయాలి. ఉత్త బంకమట్టిలో పూడ్చిన ఫ్రెంచ్ డ్రెయిన్ (కంకర నింపిన కందకంలో వేసే రంధ్రాల పైపు) పెద్దగా పనిచేయదు, ఎందుకంటే ఆ మట్టి నీటిని పైపు దాకా వదలదు. డౌన్‌స్పౌట్ల (పైకప్పు నీటిని కిందికి దించే గొట్టాల) నీటిని ఈ పైపులో కలపకుండా, రంధ్రాలు లేని వేరే పైపుతో నేరుగా బయటికి పంపండి. ఇక ఇసుక విషయానికి వస్తే, బంకమట్టిలో కొద్దిపాటి ఇసుక కలిస్తే అది ఇటుకలా బిగుసుకుంటుంది. జిప్సం వేయమని కూడా కొందరు చెబుతారు కాని, అది సోడియం ఎక్కువైన నేలకు పనికివస్తుంది. ఇక్కడి మట్టిలో సున్నం ఇప్పటికే పుష్కలంగా ఉంది.

జవాబు 2 (గృహిణి, మెకిన్నీ):

మా అనుభవం ఒకటి చెప్పాలనిపించింది. మేము దక్షిణపు గోడకు ఆనుకునేలా కృత్రిమ గడ్డి వేయించి, ఇక అవసరం లేదనుకుని ఆ వైపు స్ప్రింక్లర్లను మూయించాము. మరుసటి వేసవికి అటువైపు గది తలుపు పట్టేయడం మొదలైంది, ద్వారబంధం మూలన గోడకు పగులు వచ్చింది. నీళ్లు అందక మట్టి కుంచించుకుపోయి ఇంటి పునాది స్లాబు అంచు దిగిందని పరీక్షించిన ఇంజనీరు చెప్పారు. గోడ పక్కన మూడడుగుల గడ్డిని తీయించి మొక్కలు పెట్టి, గోడకు అడుగున్నర దూరంలో సోకర్ హోస్ (పొడవునా నీరు చెమర్చే గొట్టం) వేసుకున్నాక పగులు పెరగడం ఆగింది. పిల్లలున్నారన్నారు కనుక మరొక మాట: జులై మధ్యాహ్నం ఆ గడ్డి మీద ఉత్త కాళ్లతో నిలబడలేము, కాబట్టి నీడ ఏర్పాటు గురించి ఇప్పుడే ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గోడ పక్కన మొక్కలకు మూడడుగులు తప్పకుండా వదులుతాను. అయితే మా కంచె అవతల పొరుగువారి స్థలం మా కంటే పల్లంలో ఉంది. పైపును అటు వదలవచ్చా?

జవాబు 3 (సివిల్ ఇంజనీరు, ప్లేనో):

వదలకూడదండి. సహజంగా పారే నీటిని మళ్లించి పక్కవారి ఆస్తికి నష్టం కలిగిస్తే టెక్సస్ జల చట్టంలోని 11.086 సెక్షన్ కింద వారు మీపై దావా వేయవచ్చు. రెండిళ్ల నడుమ బిల్డరు వదిలిన పల్లపు కాలువ గుండా ముందు వీధి వైపుకు తీసుకెళ్లండి. ఆ కాలువ పూడిపోయిందేమో ముందుగా చూడండి, చాలా ఇళ్లలో అసలు లోపం అక్కడే ఉంటుంది. వీధి అంచును తొలచవలసి వస్తే నగర కార్యాలయాన్ని, గడ్డికి మీ ఇళ్ల యజమానుల సంఘమైన హెచ్‌ఓఏను అనుమతి అడగండి. తవ్వకానికి కనీసం రెండు పనిదినాల ముందు 811కు ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్ల గుర్తులు ఉచితంగా పెట్టి వెళతారు. వాలు, పైపు పని ముగిశాక ఒక పెద్ద వాన పడనిచ్చి, నీరు సాఫీగా వెళ్లిపోయిందని చూసుకున్న తరువాతే గడ్డికి డబ్బు కట్టండి.