‘రన్’కు ఎన్ని అర్థాలు చెప్పాలి?

బడిపంతులు: ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. ‘రన్’ అంటే పరుగెత్తడం అని చెప్పి ముందుకు పోదామంటే కుదరడం లేదు. పాఠంలో ముక్కు ‘రన్’ అవుతుంది, చొక్కా రంగు ‘రన్’ అవుతుంది, ఒకావిడ హోటలును ‘రన్’ చేస్తుంది. వీటన్నిటినీ కలిపే సూత్రం ఏదైనా ఉందా అండీ?

పాత ప్రూఫ్‌రీడర్: సూత్రం కోసం వెతకకండి మాస్టారూ. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువును మూడో కూర్పు కోసం సవరించినప్పుడు ఈ క్రియ ఒక్కదానికే 645 అర్థాలు తేలాయి. 1989 నాటి రెండో కూర్పులో పెద్దపీట ‘సెట్’ది. క్రియను వదిలి పక్కనున్న నామవాచకాన్ని చూపించండి. ముక్కు కారుతుంది, రంగు దిగుతుంది, సినిమా ఆడుతుంది, కాలువ పారుతుంది, బస్సు నడుస్తుంది. పిల్లలకు ఇవన్నీ పుట్టుకతో వచ్చినవే.

డల్లాస్ తెలుగమ్మాయి: ఎన్నికలను మరిచారు! ఇక్కడ అభ్యర్థి పదవి కోసం ‘రన్’ చేస్తాడు. అదే పనికి బ్రిటన్‌లో ‘స్టాండ్’ అంటారు. మనమూ ఎన్నికల్లో నిలబడేవాళ్లమే కదా.

బడిపంతులు: ఇది బాగుందమ్మా, రేపే చెబుతాను. క్రికెట్ ‘రన్’ జోలికి మాత్రం పోను. బంతి బౌండరీ దాటితే బ్యాటర్ కదలకుండానే నాలుగు పరుగులు ఎలా వచ్చాయని వెనక బెంచీవాడు తప్పకుండా అడుగుతాడు.