ఇంటి మీద జెండా: ఖాదీయా, పాలిస్టరా? రాత్రి దించాలా, ఉంచొచ్చా?

మేడమీద_జెండా:
పంద్రాగస్టు వస్తోందంటే అపార్ట్‌మెంట్ గ్రూపులన్నిట్లో ఇదే రచ్చ. పాలిస్టర్ జెండా ఎగరేయడమే తప్పని కొందరు, చట్టమే ఒప్పుకున్నాక మీకేంటి నొప్పని ఇంకొందరు. సాయంత్రం దించాలా వద్దా అన్నది రెండో గొడవ. నా ఓటు ఖాదీకి, సూర్యాస్తమయానికల్లా దించడానికి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కోడ్_చదివినోడు:
"తప్పు" అన్న మాట పక్కన పెట్టండి ముందు. జెండా వాడకం నియమావళి, అంటే 2002 ఫ్లాగ్ కోడ్‌ను 2021 డిసెంబర్ 30న సవరించారు. అప్పటినుంచి పాలిస్టర్ జెండా, మిషన్ మీద తయారైన జెండా రెండూ చెల్లుతాయి. 2022 జులై సవరణతో ఆరుబయటైనా, సామాన్యుల ఇంటి మీదైనా జెండాను రాత్రి కూడా ఉంచొచ్చు. గౌరవంగా జెండా ఎగరేసుకోవడం రాజ్యాంగం 19(1)(ఎ), అంటే భావ ప్రకటన స్వేచ్ఛ కింద హక్కేనని 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మారని నియమాలు వేరే ఉన్నాయి, మనవాళ్లు దొరికిపోయేది వాటి దగ్గరే. కాషాయం కిందికి రాకూడదు. చిరిగినది, నలిగినది ఎగరేయకూడదు. అదే కర్రకి ఇంకో జెండా కట్టకూడదు. మీద రాతలు ఉండకూడదు, అసోసియేషన్ పేరు కూడా. బాల్కనీ గ్రిల్‌కి నిలువుగా వేలాడదీస్తే చూసేవాళ్లకి ఎడమవైపు కాషాయం రావాలి. చూసేవాళ్లంటే వీధిలో ఉన్నవాళ్లు, హాల్లో సోఫా మీద కూర్చున్నవాళ్లు కాదు.

చేనేత_పక్షం:
చెల్లుతుందని నాకూ తెలుసండీ. చేతికొచ్చేది ఎలా ఉంటోందో చూడండి. టేపు పెట్టి కొలవండి: పొడవు 90 సెంటీమీటర్లుంటే ఎత్తు 60 ఉండాలి, 3:2. బజార్లో దొరికేవాటిలో కత్తిరింపు వంకర, చక్రం కోడిగుడ్డులా సాగి ఉంటుంది, ఆకులు లెక్కపెడితే 24 రావు. ఒకవైపే అచ్చేస్తే వెనకనుంచి చక్రం వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అది రెండువైపులా స్పష్టంగా ఉండాలని కోడ్‌లోనే ఉంది. కర్ణాటకలో హుబ్బళ్లి పక్కన బెంగేరిలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాలతో చేసే ఖాదీ జెండాలో ఈ తిప్పలుండవు. ఇంకో మాట. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన రోజులు రాట్నం ఉద్యమం రోజులు. 1947 జులై 22న జెండా మీది రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది గానీ, నూలుతో ఆ బంధం తెగలేదు. పాలిస్టర్‌తో తెగింది.

తాడూ_కప్పీ:
మనసుకి ఖాదీ సరే, ఆగస్టు వానకి? తడిసిన ఖాదీ బరువెక్కి కర్రకి అతుక్కుపోతుంది, ఎగరదు. రంగు గట్టిది కాకపోతే కాషాయం, ఆకుపచ్చ తెల్లపట్టీలోకి దిగుతాయి, ఇక అది పోదు. అంచేత ఖాదీ అయితే మబ్బు పట్టగానే దించాల్సిందే, నీడలో ఆరేయాల్సిందే. పాలిస్టర్ ఇట్టే ఆరిపోతుంది. దాని జబ్బు వేరు: గాలికి కొట్టుకుని, కర్రకి అవతలి అంచు కింది మూల దగ్గర కుట్టు విడిపోతుంది, అక్కడినుంచి పోగులు లేస్తాయి. రాత్రీ పగలూ వదిలేస్తే ఇంకా త్వరగా. కొన్న రోజే ఆ అంచు మడిచి ఇంకో రెండు వరసలు కుట్టించండి.

అసలు పరువు పోయేది మాత్రం ముడి దగ్గర. పూలరేకులు పెట్టి, చుట్ట చుట్టి, పైకి లాగాక జెండా విచ్చుకోదు. ముఖ్య అతిథి తాడు గుంజుతూనే ఉంటాడు, ముడి ఇంకా బిగుస్తూనే ఉంటుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: జారుముడి వేయాల్సిన చోట, జారిపోతుందేమోనన్న భయంతో పీటముడి వేస్తారు. చుట్ట మీద ఒక్క చుట్టే తిప్పండి, కొసను మడత పెట్టి దూర్చండి, లాగే తాడుకి ఆ కొసే అందాలి. నూలు తాడు తడిస్తే ఉబ్బి ముడి బిగుస్తుంది, నైలాన్ తాడు మేలు. మరీ సన్నదైతే కప్పీ చక్రం పక్కకి జారి ఇరుక్కుంటుంది. రేకులు ఒక గుప్పెడు చాలు, పొడిగా ఉండాలి. బంతిపూలు కాడలతో కుక్కితే బరువు, తడివైతే మరక. ముందురోజు సాయంత్రం జెండాతో కాదు, అదే సైజు తువ్వాలుతో ఒకసారి లాగి చూడండి. కాషాయం వైపు కన్నం పైతాడుకి పడిందా లేదా అప్పుడే తేలిపోతుంది.

మేడమీద_జెండా:
అదే కదా నేననేది, దించితే ఇవన్నీ కంటపడతాయి. రాత్రంతా వదిలేసినవాళ్లు 16న పైకి చూడరు, సెప్టెంబర్లోనూ చూడరు.

కోడ్_చదివినోడు:
చూడకపోతే అది ఆ మనుషుల తప్పు, పాలిస్టర్‌ది కాదు. ఖాదీ జెండాని కూడా అలాగే మర్చిపోతారు.

చేనేత_పక్షం:
మర్చిపోయాక ఏమవుతుందో చెప్పండి మరి. పాడైన జెండాను ముక్కలు చేయకుండా, పదిమంది కళ్లకి దూరంగా, వీలైతే కాల్చి, లేదా గౌరవం తగ్గని ఇంకో పద్ధతిలో తీసేయాలంటుంది కోడ్. ఖాదీ కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి బొట్లుబొట్లుగా కారుతుంది, నల్లపొగ. దాన్ని ఏ మర్యాదతో కాలుస్తారు?

కోడ్_చదివినోడు:
ఇది మంచి ప్రశ్న, ఒప్పుకుంటాను. "ఇంకో పద్ధతి" అన్నారు గానీ పాలిస్టర్‌కి అదేంటో విడిగా చెప్పలేదు. అందుకే ఏటా కొత్తది కొనేకంటే, సరిగ్గా మడిచి దాచుకోండి: కాషాయం, ఆకుపచ్చ పట్టీలు తెలుపు కిందికి, తర్వాత రెండు పక్కలనుంచి లోపలికి, పైకి చక్రం కనపడేలా.

తాడూ_కప్పీ:
కొలతలు అడిగేవాళ్లకి: 20 అడుగుల స్తంభానికి 1350 × 900 మి.మీ. జెండా సరిపోతుంది, తాడు 45 అడుగులకి తగ్గొద్దు. బాల్కనీకి 450 × 300 చాలు. ఇక దించడానికి, చూసుకోవడానికి మనిషే లేని అసోసియేషన్ అయితే స్తంభం జోలికి పోకుండా, ఆఫీసు గదిలో 150 × 100 బల్ల జెండా పెట్టుకోండి. ఖాదీలో కూడా దొరుకుతుంది, వానా లేదు, ముడీ లేదు.

మేడమీద_జెండా:
బల్ల జెండాకి జెండా వందనం ఎవరు చేస్తారండీ! దించే డ్యూటీ ఫ్లోర్ వంతున రాసి లిఫ్టు పక్కన అంటిస్తే సరి.